గాలి లెక్క

గ్యాస్ బుక్కు వెనక పేజీల్ల రాసుకుంట నేను.
తేదీ, మీటరు, లీటర్లు, రూపాయలు.
మూలకు చిన్నగ: ఆ రోజు ఏసీ ఏసిన్నా లేదా.
ఆరేండ్ల రాత ఇది.
నా పెండ్లి తేదీ మర్చిపోత గని
ఉప్పల్ బంకుల ట్యాంకు నింపిన తేదీ మర్వను.

శ్రీశైలం తెచ్చిండు దాన్ని పుత్లీబౌలి నుంచి,
పేపర్ల చుట్టి, పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు.
ఎర్రటి గొట్టం, దాని మూతికి జాలీ టోపీ.
"అక్కా, నీ బండికి ఊపిరాడుతలేదు.
ఆ నల్లడబ్బా ముక్కు మూసినట్టే.
ఇది పెడితే లీటరుకు మూడు కిలోమీటర్లు ఎక్కువ,
దుకాణపాయన రాసిచ్చిండు గూడ."
రాసిచ్చింది చూసిన.
నాలుగు వేల ఎనిమిది వందలని ఉంది.
మూడు కిలోమీటర్లు ఎక్కడా లేవు.

బిగించి తాళం తిప్పితే
నా తెల్ల వ్యాగనార్ గొంతు మారింది,
మీసం మొలిచే పిల్లగాని లెక్క.
హబ్సిగూడ సిగ్నల్ కాడ పచ్చ పడంగనే
గుటుక్కున గాలి మింగింది.
పక్క ఆటోల ముసలాయన
నా దిక్కు కాదు, బానెట్ దిక్కు చూసిండు.
దాచుడెందుకు, నాకు నచ్చింది.

మొదటి వారం, పదిహేడున్నర పోయి పంతొమ్మిదైంది.
శ్రీశైలం వాడకట్టంత చెప్పుకున్నడు.
నేను బుక్కు ముంగటేసుకొని కూసున్న.
తేదీలు చూసిన. దసరా సెలవులు.
సగం పట్నం ఖాళీ.
తార్నాక నుంచి మెహదీపట్నం దాక
ఒక్క సిగ్నలే ఆపింది నన్ను ఆ వారం.
మైలేజీ గొట్టం ఇయ్యలే,
రోడ్డు మీద లేని బండ్లు ఇచ్చినయి.

బండ్లు మళ్ల వచ్చినయి.
పదహారు. పదిహేనున్నర. పదిహేను.

మూసారాంబాగ్ల ఖలీల్ చాచా బానెట్ లేపి
గొట్టం మూతి కాడ అరచెయ్యి పెట్టిండు
జ్వరం చూసినట్టు.
"ఇది బయటి గాలి గాదు బేటీ,
పొయ్యి పక్కన కూసొని పీల్చే గాలి.
సరే, అదట్ల పోనీ.
లోపల గాలిని కొలిచే బుడ్డిది ఒకటి ఉంటది,
వచ్చిన గాలికి సరిపడ పెట్రోలు పోపిస్తది.
పెద్ద సంచి తెచ్చినవని
కిరాణా సేటు ఊరికే బియ్యం పోస్తడా?
పాత డబ్బా నీకేం అడ్డం రాలే.
ట్రాఫిక్ల బండికి గాలి తలుపు
నీ కాలు కిందనే ఉంటది."

అని, నా కుడి చెప్పు దిక్కు చూసిండు.
బొటనవేలు కాడ కొత్తగ అరిగింది.
"ఆ సప్పుడు మళ్ల మళ్ల ఇనబుద్దైందా?"
నేను ఛాయ్ గ్లాసుల చూసుకుంట ఉన్న.
నవ్వలేదు ఆయన. స్పానర్ ఎతుక్కున్నడు.

"ఈ ఒక్కరోజు ఉండనీ చాచా" అన్న.
ఎందుకన్ననో ఆయనకు చెప్పలే, నాకూ తెల్వదు.

తెల్లారక ముందు, కిరాయి లేదు, వెనక సీటు ఖాళీ.
ఘట్‌కేసర్ కాడ రింగురోడ్డెక్కి
అద్దాలు దించి తొక్కిన.
నా పాదానికీ ఆ ఎర్ర గొంతుకూ నడుమ
ఎవరూ లేరు, మీటరు గూడ.
శంషాబాద్ కాడ ఇమానం దిగుతుంటే
దాని మోత నా మోతల కలిసింది.

గొట్టం ఇప్పుడు మంచం కింద ఉంది.
మూడు వందల నలభైకి కొత్త కాగితం ఫిల్టరు,
పాత నల్లడబ్బా, అదే మెల్లని గురక.
పదిహేడుంబావు, పదిహేడున్నర.
శ్రీశైలానికి బుక్కు చూపియ్యలే.
చూపిస్తె ఆ తేదీ కాడ ఆగుతడు:
మీటరు రాసిన, లీటర్లు రాసిన,
రూపాయలు గూడ రాసిన.
భాగించలే.